ఉరుకుందమ్మ గిన్నె

రాత్రి డ్యూటీ దిగి
పెద్దాసుపత్రి గేటు దాటితే ఆదివారం.
కళ్ళు మంటలు. అయినా రూముకు పోబుద్ధి కాదు.
మూడున్నరకు రిజిస్టరులో ఒక పేరు మీద
ఎర్రగీత గీసిన చెయ్యి ఇది.
దీన్ని దిండు కింద పెట్టుకుని పడుకోలేను.
హంద్రీ వైపు నడిచినాను.

వంతెన పక్కన గోనెపట్టాల మీద
కర్నూలు తనకు అక్కర్లేనిదంతా ఆరబోసుకుంటుంది.
మిక్సీ మూతలు, ముల్లు ఊడిన గడియారాలు,
జతలేని చెప్పులు,
ఎవరి చూపుకో కొలిచి చేసిన కళ్ళద్దాలు.
ఒక ముసలాయన వాటిని వరసగా పెట్టుకుని
ఎండలోకి మెడ చాచి చూస్తున్నాడు.
నాలుగో జతకు,
"ఆఁ, ఇప్పుడు కనబడతాంది బురుజు" అన్నాడు.
ఇరవై రూపాయలకు
బురుజును కొనుక్కుని పోయినాడు.

స్టీలు సామాను మదార్ సాబు దగ్గర.
గిన్నెలన్నీ బోర్లించి, వాటి వీపుల మీద ఎండ.
నాకు కావాల్సింది ఒక్కదానికి సరిపడా
అన్నం ఉడికేంత.
ఒకటి తిప్పి చూస్తే అంచు కింద
చుక్కలు చుక్కలుగా పేరు:
పి. ఉరుకుందమ్మ, కోడుమూ
ఆపైన సొట్ట.

"ఎవరిది తాతా?"
"పేరుండాది గదమ్మా, సదువుకో."
"ఆమె యాడికి పోయింది?"
"నాకేం తెలుసు. గిన్నెనడుగు."

ఏరు ఊర్లోకొచ్చిన ఏడు కొట్టుకొచ్చిందో,
ప్లాస్టిక్ బకెట్టుకు మారకం పోయిందో,
కోడలు పాతసామాన్లోకి తోసిందో.
అన్నీ నేననుకునేవే.
గిన్నె మాత్రం బోర్లా పడుకుని ఉంది
డ్యూటీ దిగిన మనిషి మాదిరి.

"ఎంత?"
"నూటెనభై."
"పాతదానికా? అందులో వేరేవాళ్ళ పేరు!"
"పేరుకు పైసా తీసుకోను, స్టీలుకే.
ఇంకా జెప్పాలంటే, పేరు కొట్టిన కాడ
రవ్వంత స్టీలు రాలిపోయింటాది.
ఆ మేరకు తగ్గిచ్చే జెప్పినా."

నవ్వొచ్చింది. బేరంలో నవ్వకూడదని
ఆదోని సంతలో అమ్మ ఎన్నిసార్లు గిల్లిందో.
నూటయాభైకి ఇచ్చి,
"కావాలంటే గీకిచ్చుకో, ముప్పై తీసుకుంటారు
ఆ మూల అంగట్లో" అన్నాడు.
ఆ మూలకు పోలేదు.

సంచి తేలేదు. కూరగాయల మార్కెట్లో
కొన్నవన్నీ గిన్నెలోకే.
పచ్చిమిరపకాయలు పది రూపాయలవి,
తూకమేయకుండా గుప్పిట్లోంచి జారిన అల్లం ముక్క,
రెండు టమేటాలు, ఒకటి చితికింది.
ఎవరో తోసినారు, ఎవరో తిట్టినారు,
ఎద్దు ఒకటి కొత్తిమీర కట్ట లాక్కుని
రసీదు లేకుండా వెళ్ళిపోయింది.

ఉల్లిగడ్డల రాశి పక్కన కూర్చున్నాయన
అడక్కుండానే చెప్పినాడు,
"మా చేనివేనమ్మా, కోడుమూరు."
నేను గిన్నె తిప్పి చూపించినాను.
"మీ ఊర్లో ఈమె ఎవరన్నా?"
పగలబడి నవ్వినాడు.
"యా ఉరుకుందమ్మ? బడికాడామెనా,
మెల్లకన్నామెనా, మా మేనత్తనా?
ఇంటికొకరుండారు తల్లీ,
నా పేరే ఉరుకుందు!"
"ఇంటిపేరు 'పి' అట."
"మేము ఇంటిపేర్లతో పిలుచుకోం."

కిలో తూచినాడు. డబ్బులిచ్చి కదలబోతే
"ఆగు" అన్నాడు.
గిన్నె వైపు ఇంకోసారి చూసి
మూడు గడ్డలు ఏరి పైన పెట్టినాడు.
"ఇది కొసరు. నీకు గాదు,
ఎవురిదైనా మా ఊరి గిన్నె గదా."

రూములో చింతపండు పెట్టి రెండుసార్లు తోమినాను.
చుక్కల్లో ఇరుక్కున్న నలుపు పోలేదు.
మధ్యాహ్నం డ్యూటీకి తయారవుతూ ఎస్తేరు
జడేసుకుంటూనే అడిగింది,
"అన్నమేమన్నా ఉందా?"
"ఉరుకుందమ్మలో ఉడుకుతాంది."
"ఎవరామె?" అంది. చెప్పే ఓపిక లేదు.

మూత రాలేదు దీనికి, పళ్ళెం పెట్టినా.
పళ్ళెం కింద ఎసరు
గొణుగుతానే ఉంది ఏదో.
అడగమన్నాడు గదా మదార్ సాబు.
నిద్రొస్తాంది.
లేచినాక అడుగుతా.